నవమి నాడు గీసిన గీత

పోటు నీరు ఎక్కడిదాకా వస్తుందో తేల్చవలసిన సర్వేయరు, ఆ నీరు రాని రోజునే ఏరి కోరి కొలతకు వెళితే దాన్ని మీరేమంటారు? పొరపాటంటారా, పనితనమంటారా, నేరమంటారా? జవాబు చెప్పే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఆ సర్వేయరు నేనే.

గ్రామ సర్వేయరుగా ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మాఘమాసంలో, దివిసీమలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక మత్స్యకార గ్రామానికి నన్ను రీసర్వే విధి మీద వేశారు. ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని కొందరు అనవచ్చు. వయసు రాలేదు కానీ ఉద్యోగం అయిపోయింది. అయిపోయిన ఉద్యోగం గురించి రాయడానికి పింఛను పుస్తకం అక్కర్లేదని నా అభిప్రాయం.

మాది గుడివాడ. బందరులో సివిల్ ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో ఏ కళాశాలలో వాదోపవాద పోటీ జరిగినా వెళ్లేదాన్ని. ఆ పోటీలు నాకు రెండు అలవాట్లు నేర్పాయి. ప్రతిపాదనలోని మాటలకు నిర్వచనం అడగకుండా వాదనలోకి దిగకూడదన్నది మొదటిది. మన పక్షంలో అన్నిటికన్నా బలమైన అంశాన్ని ఎదుటివారి నోటే పలికించాలన్నది రెండోది. మొదటి అలవాటును ఈ ఉదంతంలో చాలా ఆలస్యంగా వాడుకున్నాను. రెండోదాన్ని సమయానికే వాడాను. దాని ఫలితమే ఇప్పుడు రాస్తున్నాను.

రీసర్వే అంటే ఏమిటో ముందు చెప్పాలి. మొదట డ్రోను ఎగిరి ఊరి మొత్తాన్ని పైనుంచి ఫొటో తీస్తుంది. ఆ ఫొటో పటాన్ని పట్టుకుని గ్రామ సర్వేయరు నేల మీద నడవాలి. భూమి ఉన్నవారికి నోటీసు ఇచ్చి, వారి ఎదుట, గట్టు గట్టుకూ రోవరు నిలిపి బిందువులు తీసుకోవాలి. రోవరంటే కర్రకు బిగించిన చిన్న పరికరం. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, తాను నిలబడిన చోటును అంగుళం తేడాతో చెబుతుంది. ఆ బిందువులను కలిపితే ముసాయిదా పటం వస్తుంది. దాన్ని గ్రామ సచివాలయంలో అంటించి, అభ్యంతరాలు విని, తుది ప్రకటన చేస్తారు. తుది ప్రకటన వెలువడ్డాక సామాన్యుడికి మిగిలేది కోర్టు మెట్లే. ఈ వరసలో గ్రామ సర్వేయరుది అట్టడుగు మెట్టు. పైన మండల సర్వేయరు, ఆ పైన నిర్ణయం తీసుకునే తహసీల్దారు. కానీ నేల మీద కాలు పెట్టేది అట్టడుగు మెట్టు మాత్రమే. పైవాళ్లందరూ చూసేది మేము రాసుకొచ్చిన కాగితాన్ని.

ఆ ఊరి వెనక, రొయ్యల చెరువుల నడుమ, పదకొండు ఎకరాల మడ ఉండేది. మడ అంటే ఉప్పునీటి అడవి. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్లు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు. ఒకప్పుడు కృష్ణ సముద్రంలో కలిసే పాయల నుంచి మంగినపూడి వైపు దాకా, తీరం వెంట ఇది తెగకుండా ఉండేదని ఆ ఊరి పెద్దలు చెప్పేవారు. పడవకు కావలసిన వంపు కర్ర, ఇంటి మీద కప్పు వాసం, పొయ్యిలోకి పుల్ల, పశువుకు మేత, అన్నీ అందులోవే. తరువాత కొంత పొలమైంది, కొంత చెరువులైంది. అటవీశాఖ హద్దు లోపలిది అడవిగా మిగిలింది. హద్దు బయట పడిన ముక్కలు ఒక్కొక్కటే పోయాయి. ఈ పదకొండు ఎకరాలు రెవెన్యూ నేల. డ్రోను ఫొటోలో చూస్తే నీలం గళ్ల దుప్పటి మీద ఆకుపచ్చ అతుకులా కనిపించేది.

ఆ అతుకు ఎందుకు మిగిలిందో నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మా మండల సర్వేయరు మూర్తి గారు. గొలుసుతో కొలిచే కాలం నుంచి పనిచేస్తున్న మనిషి. చెడ్డవారు కాదు. పర్ర నేలల్లో, అంటే ఉప్పు తేలిన తీరపు నేలల్లో ఎలా కొలవాలో మాకు ఆయనే నేర్పారు.

“అమ్మా, పర్రలోకి ఎప్పుడు పడితే అప్పుడు దిగకూడదు. అష్టమి, నవమి, దశమి చూసుకుని దిగాలి. అప్పుడు పోటు చిన్నది, నేల గట్టిగా ఉంటుంది. రోవరు కర్ర దిగబడదు, బండి కూడా పోతుంది. అమావాస్యకీ పున్నమికీ వెళ్లావనుకో, నువ్వూ దిగబడతావు, రోవరూ దిగబడుతుంది. రోవరు బయటికి తీయడానికి ఇండెంటు పెట్టాలి, నిన్ను తీయడానికి ఇండెంటు కూడా లేదు.”

అందరం నవ్వాం. అందరం పాటించాం. తీర మండలాల్లో నాకు తెలిసిన ప్రతి సర్వేయరూ గోడ మీది క్యాలెండర్లో నవమి చూసుకునే పర్రలోకి దిగేవాడు. అది మా వృత్తి రహస్యం, మా తెలివి. కొలిచేవాడికి అనుకూలమైన రోజు కొలవబడే నేలకు కూడా అనుకూలమైనదేనా అన్న ప్రశ్న ఒక్కరికీ రాలేదు. వాదోపవాదాల్లో కప్పులు తెచ్చుకున్న నాకూ రాలేదు.

మాఘ బహుళ నవమి నాడు పదకొండు గంటల వేళ ఆ మడలోకి దిగాను. నేల నెర్రెలిచ్చి ఉంది. సముద్రపు పోటును మడలోకి తెచ్చే వాగు నీరు ఎక్కడో తూర్పు అంచున సన్నగా మెరుస్తోంది. ఆ అంచు వెంట నడుస్తూ ‘నీటి అంచు’ అని బిందువులు తీసుకున్నాను. లోపల కొక్కెం కర్రలతో బురద బొక్కల్లోంచి మండ పీతలు లాగుతున్న ఆడవాళ్లు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లకు పెద్ద నాంచారమ్మ. అరవై ఏళ్లుంటాయి. భర్త పోయాక ఇద్దరు కోడళ్లను వెంటేసుకుని ఆ మడలో పీతలు పట్టి ఇల్లు నడుపుతున్న మనిషి. బురద మోకాళ్ల దాకా ఎండి తెల్లగా పగిలి ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కాసేపు చూసింది.

“ఏందమ్మాయిగారూ, ఆ కర్ర పట్టుకుని వెతుకుతున్నారు? ఏదన్నా పోగొట్టుకున్నారా?”

“నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూస్తున్నానమ్మా.”

ఆమె వెనక్కి తిరిగి కోడళ్లతో అంది. “విన్నారటే? నవమి నాడొచ్చి నీళ్లెక్కడని అడుగుతుంది.” తరువాత నాతో, “మాఘంలో సముద్రం అటు తిరిగి పడుకుంటదండీ. అందులో నవమి. అమావాస్య వెళ్లిన విదియకి రండి. మీరు అడగక్కర్లా, నీళ్లే వచ్చి మిమ్మల్ని అడుగుతాయి, ఎవురమ్మాయివని.”

నేనూ నవ్వాను. నవ్వి తరువాతి బిందువుకు నడిచాను. ఆ నవ్వును నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

రోవరుకు జోడించిన ట్యాబులో నేల రకం ఎంచుకోవాలి. జాబితాలో సాగు భూమి ఉంది, చెరువు ఉంది, కాలువ, దారి, గట్టు, నివాసం ఉన్నాయి. మడ లేదు. ‘తుప్పలతో కూడిన బంజరు’ ఉంది. దాన్ని నొక్కాను. ఒక్క వేలు, ఒక్క క్షణం. పాత రికార్డులో అదే నేలకు ఎదురుగా, గొలుసు పట్టుకుని తిరిగిన ఎవరో పాత సర్వేయరు ‘పర్ర, పోటు తగులును’ అని చేత్తో రాసి ఉన్నాడని నాకు తరువాత తెలిసింది. ఆయనకు ఉపగ్రహాలు లేవు. కానీ తాను నిలబడిన నేల ఏమిటని ఆ ఊరివాళ్లను అడిగే ఓపిక ఉంది.

చైత్రంలో ముసాయిదా పటం అంటించారు. వారం తిరక్కుండా ఒక దరఖాస్తు వచ్చింది. మడకు రెండు వైపులా రొయ్యల చెరువులున్న ప్రసాద్ గారు ఆ ‘బంజరు’ను కౌలుకు ఇప్పించమని, రెండు చెరువులనూ కలుపుకుంటానని కోరారు. పోటు తగిలే నేలలో చెరువు తవ్వడానికి తీర నిబంధనలు ఒప్పుకోవు. తగలని బంజరైతే దారి ఉంది. ఆయన దరఖాస్తుకు జతచేసిన ఆధారం ఒక్కటే. నా పటం.

సచివాలయానికి వచ్చి పలకరించారు. మర్యాదస్తులు. వారిదీ గుడివాడ పక్కనే.

“మన ఊరి అమ్మాయే అని తెలిసి సంతోషమేసిందమ్మా. నాకేం తెలుసు చెప్పు, పర్రో బంజరో? మీరు చదువుకున్నవాళ్లు. మీరు రాసిందే మేం చదువుకుంటాం.”

“అది మడ అండీ. బంజరు కాదు.”

“అలా రాయలేదే మరి?”

ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు. అందుకే ఎక్కువ మండింది.

వైశాఖంలో అమావాస్య వెళ్లిన విదియ నాడు, సెలవు పెట్టి, ఉదయం ఎనిమిదికి ఆ మడకు వెళ్లాను. మా తీరంలో ఆ తిథుల్లో పోటు ఉదయం తొమ్మిది ప్రాంతంలో నిండుతుంది. నేను చూస్తూ ఉండగానే వాగు ఒడ్డు దాటింది. చప్పుడు లేదు, అల లేదు. వేర్ల మధ్యగా, ఒక్కొక్క పీత బొక్కనూ నింపుకుంటూ, నేను నవమి నాడు గీసిన గీతను దాటి, తుప్పలని రాసిన చెట్ల మొదళ్లు ముంచి, పడమటి చెరువు గట్టు దాకా వచ్చి ఆగింది. పదకొండు ఎకరాల్లో పొడి నేల లేదు.

నాంచారమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. కొక్కెం లేదు, వల లేదు. ఊరి మగవాళ్లు కూడా వాగులో పడవలు కట్టేసి కూర్చున్నారు.

“ఇన్ని నీళ్లు వస్తే వేటకి దిగరేంటమ్మా?” అన్నాను.

“ఈ పోట్లకి మడలో వల వెయ్యమండి. కట్టుబాటు. పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు ఈ నీళ్లతోనే లోపలికొచ్చిద్ది సంతు. ఇప్పుడు వలేస్తే సంవత్సరం తిండి ఒక్కపూట తిన్నట్టే. అమావాస్యకి మూడ్రోజులు, పున్నమికి మూడ్రోజులు ఎవురూ దిగరు. పచ్చి కొమ్మ కొట్టరు, ఎండింది ఏరుకోవాలంతే. మా అత్త కాలం నించీ ఇంతే.”

“ఎవరైనా దిగితే?”

“వాడి వల తీసుకొచ్చి ఊరి మధ్య గుంజకి వేలాడదీస్తారు. ఎనిమిది రోజులు వాడితో ఎవురూ పడవెక్కరు. మా మరిది వల కూడా వేలాడింది ఒకసారి. నేనే కట్టాను.” చెప్పి పకపకా నవ్వింది. “ఆడు నాతో ఏడాది మాట్లాళ్లా. సుఖంగా ఉండింది.”

తీరమంతా తెగిపోయినా ఈ ముక్క ఎందుకు మిగిలిందో అప్పుడు తెలిసింది. ఏ శాఖా కాపాడలేదు, ఏ బోర్డూ లేదు. ఒక ఊరు నెలకు ఆరు రోజులు చేతులు కట్టుకుని కూర్చుంది కనుక మిగిలింది. మడ ఒక అవశేషం. ఆ కట్టుబాటు కూడా అవశేషమే. పక్క ఊళ్లలో అడవితో పాటు అదీ పోయిందని నాంచారమ్మే చెప్పింది.

ఆ రోజు మోకాలి లోతు నీళ్లలో దిగి మళ్లీ కొలిచాను. రోవరు కర్ర దిగబడకుండా నాంచారమ్మ చిన్న కోడలు పడవ చెక్క తెచ్చి కింద పెట్టింది. నాంచారమ్మ కర్ర నిటారుగా పట్టుకుంది. నలభై బిందువులు. మూర్తి గారు చెప్పినట్టు నేను దిగబడ్డాను కూడా, రెండు సార్లు. రెండు సార్లూ ఆడవాళ్లే లాగారు, ఇండెంటు లేకుండా.

ఆ బిందువులతో సవరణ ప్రతిపాదన రాసి మూర్తి గారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“నీ కొలత మీద నువ్వే అభ్యంతరం చెబుతావా అమ్మా? అభ్యంతరం చెప్పాల్సింది భూమి ఉన్నవాళ్లు. మడకి ఎవరున్నారు?”

“తప్పు కొలిచింది నేనేనండి. సరిదిద్దేది నేను కాకపోతే ఎవరు?”

“ఈ కొలతకి నోటీసు ఇచ్చావా? సెలవు రోజున కొలిచావు. నోటీసు లేని కొలత కొలత కాదు.”

“నీళ్లు వచ్చాయండి. నోటీసు ఉన్నా లేకపోయినా వచ్చాయి.”

“నీళ్లకి సర్వీసు రూల్సు లేవమ్మా. నీకున్నాయి.”

అప్పుడు గుర్తొచ్చింది, నిర్వచనం అడగాలని. “బంజరు అంటే ఏమిటండి?” అన్నాను.

“ఏమీ పండనిది.”

“పీతలు పండుతున్నాయి కదండీ.”

“పీతకి శిస్తు లేదు,” అన్నారాయన. పాత రికార్డులోని చేతిరాత చూపించాను. “కొత్త రికార్డు వచ్చాక పాతది చరిత్ర,” అన్నారు. అయినా ఫైలు తహసీల్దారు గారికి పంపారు. ఆయన మేలు అది, మరచిపోను.

అభ్యంతరం పెట్టడానికి మనిషి కావాలి కనుక నాంచారమ్మ పేరున నేనే కాగితం రాశాను. తహసీల్దారు గారు ఉమ్మడి పరిశీలనకు ఆదేశించారు: తహసీల్దారు, మండల సర్వేయరు, నేను, అర్జీదారు, దరఖాస్తుదారు, అందరూ కలిసి నేల మీదికి వెళ్లి చూడటం. అమావాస్యకు పెట్టమని రాతపూర్వకంగా కోరాను. జ్యేష్ఠంలో అమావాస్య ఆదివారం పడింది, సెలవు. సోమవారం ఆఫీసులో ఫిర్యాదుల దినం. మంగళవారం జిల్లా కేంద్రంలో సమీక్ష. పరిశీలనను ఆ పై వారం బుధవారానికి ఖాయం చేశారు. క్యాలెండరు చూశాను. దశమి.

ఎవరూ కుట్ర చేయలేదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే కుట్ర ఉండి ఉంటే కనీసం బయటపెట్టడానికి ఏదో ఒకటి దొరికేది. ఇక్కడ ఉన్నది వారం మాత్రమే. సముద్రం తిథుల్లో నడుస్తుంది, ఆఫీసు వారాల్లో నడుస్తుంది. రెండూ కలవకపోతే సర్దుకోవలసింది సముద్రమేనని ఆఫీసు నిర్ణయించింది.

బుధవారం మధ్యాహ్నం రెండు జీపులు పర్ర మీదుగా నేరుగా మడ దాకా వచ్చాయి. నేల అంత గట్టిగా ఉంది. తహసీల్దారు గారు బూట్లతో లోపలికి నడిచి, బూట్లకు బురద అంటకుండా తిరిగి వచ్చారు. నీరు ఎక్కడని ఆయన అడగలేదు; అడగవలసిన పని కనిపించలేదు.

అప్పుడు నా బలమైన అంశం గుర్తొచ్చింది. నీరు చూపించలేకపోతే కట్టుబాటును చూపించాలి. తరతరాలుగా ఒక ఊరు కాపాడుకుంటున్న నేలను బంజరని ఎవరు అనగలరు? అది నేను చెబితే ఉద్యోగి వాదన అవుతుంది. వాళ్ల నోట వస్తే సాక్ష్యం. తహసీల్దారు గారి దగ్గరికి వెళ్లి, “సార్, ఇక్కడ వేట గురించి గ్రామస్థులకు ఒక కట్టుబాటు ఉంది. దయచేసి వారినే అడగండి,” అన్నాను.

ఆయన అడిగారు. “ఏమ్మా, మీరు ఈ మడలో వేట చేస్తారా?”

నాంచారమ్మ నిటారుగా నిలబడి, గొంతులో కాస్త గర్వం పలుకుతుండగా చెప్పింది. “అమావాస్య పోట్లకీ పున్నమి పోట్లకీ మేం ఇందులో వల వెయ్యమండీ. ఎవురూ వెయ్యరు. వేసినోడి వల గుంజకి కడతాం.”

“వేయరన్నమాట.”

“వెయ్యం. కావాలంటే ఊళ్లో ఎవుర్నన్నా అడగండి.”

అడిగారు. ఊళ్లో నలుగురూ అదే చెప్పారు. పక్కన గుమాస్తా జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని పంచనామా రాస్తున్నాడు. రాసింది గబగబా చదివాడు. నాంచారమ్మ వేలిముద్ర వేసింది, మిగతావాళ్లు సంతకాలు పెట్టారు. నేను రోవరు విప్పి పెట్టెలో సర్దుతున్నాను. గెలిచామనుకుంటూ సర్దుతున్నాను.

ఆ పంచనామాలో ఉన్న వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. “సదరు స్థలమందు తాము వల వేయుట లేదనియు, ఎవరును వేయుట లేదనియు గ్రామస్థులు ఏకగ్రీవముగా వాంగ్మూలమిచ్చిరి.”

అమావాస్య లేదు, పున్నమి లేదు, కట్టుబాటు లేదు, గుంజకు వేలాడిన వల లేదు. అబద్ధమూ లేదు. ప్రతి మాటా వాళ్లన్నదే. కాపాడటానికి మానుకున్న పనిని, అవసరం లేక మానుకున్న పనిగా మార్చడానికి ఒక్క కొత్త మాట కూడా చేర్చనక్కర్లేకపోయింది. కొన్ని మాటలు వదిలేస్తే చాలింది. అన్నాళ్లూ మడను పూర్తిగా వాడుకుని, నరికి, వలలతో ఊడ్చి ఉంటే వాళ్లకు ‘అనుభవం’ ఉందని, అంటే ఆ నేల వాళ్ల వాడకంలో ఉందని, రాసేవారు. నరికినవాడికి హక్కు వస్తుంది. నరకకుండా కూర్చున్నవాడికి రాదు. మన రెవెన్యూ భాషలో సంయమనానికి గడి లేదు. ఇది నాకు ఆనాడూ కోపం తెప్పించింది, ఈనాడూ తెప్పిస్తోంది. ఆ ప్రశ్న అడగమన్నది నేనే అన్న నిజం ఆ కోపాన్ని తగ్గించదు, పెంచుతుంది.

ఆ పంచనామాను ఆధారం చేసుకుని, అభ్యంతరం కొట్టేస్తూ ఇచ్చిన ఉత్తర్వు చేతికొచ్చాక గుమాస్తాను నిలదీశాను. “మేడమ్, వాళ్లు వెయ్యమన్నారా లేదా?” అన్నాడు. అన్నారు. మళ్లీ వాంగ్మూలం తీసుకోమని మూర్తి గారిని అడిగాను. వేలిముద్ర వేసిన పంచనామాను తిరగరాయడం కుదరదన్నారు. జిల్లా స్థాయికి అప్పీలు రాశాను. అది విచారణకు రాకముందే తుది ప్రకటన వెలువడింది. కౌలు ప్రసాద్ గారికి ఖాయమై, శ్రావణంలో పొక్లెయిన్లు దిగాయి.

ఎంత మిగిలిందో చెప్పాలి. వాగు పక్క సన్నటి పట్టీ, రెండు ఎకరాలు ఉండవచ్చు. నవమి నీరు కూడా తగిలే చోటు కనుక అది నా పటంలో వాగుగా నమోదైంది, దాన్ని ముట్టుకోలేదు. చెరువు గట్టు సరిగ్గా నా ‘నీటి అంచు’ బిందువుల మీదుగా పోయింది. బిందువుకు బిందువు, వంపుకు వంపు. పటం నేలను అనుసరించాలని మాకు శిక్షణలో చెప్పారు. అక్కడ నేలను చెక్కి నా పటంలా తయారుచేశారు. ఒక మధ్యాహ్నం, బండి పోయే నేల చూసుకుని, నేను నడిచిన దారే ఇప్పుడు ఆ అడవికి అంచు.

గట్టు పని జరుగుతుండగా వెళ్లాను. నాంచారమ్మ పట్టీ ఒడ్డున నిలబడి ఉంది. ఎనిమిది మందిలో ఇద్దరికే ఇక అక్కడ పీతలు దొరుకుతాయని, తన కోడళ్లను దింపి, తాను బందరు రేవుకు ఆటోలో వెళ్లి చేపలు తెచ్చి అమ్ముకుంటున్నానని చెప్పింది. క్షమాపణ చెప్పబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

“నేను చదువుకోలా. ఆయన అడిగాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పా. నువ్వు చదువుకున్నావు గదా. ఆళ్ల కాగితంలో నిజం ఎట్టా తిరగబడిద్దో నీకు తెలవదా? ముందే చెప్తే, రోజూ వేస్తున్నాం వల అని చెప్పేదాన్ని గదా.”

“అబద్ధం చెప్పేవారా?”

“మడ ఉండేది.”

అప్పటిదాకా నన్ను ‘మీరు’ అన్న మనిషి ఆ రోజు నుంచి ‘నువ్వు’ అంది. అది చనువని నేను అనుకోవడం లేదు.

కోపంతో మర్నాడే రాజీనామా ఇచ్చానని రాస్తే చదవడానికి బాగుంటుంది. అబద్ధం. ఆ తరువాత రెండేళ్లు అదే ఉద్యోగం చేశాను. పర్ర కొలతలన్నీ అమావాస్య, పున్నమి వెళ్లిన రోజులకు పెట్టుకున్నాను. పని ఆలస్యం చేస్తున్నానని రెండు మెమోలు అందుకున్నాను. ట్యాబు జాబితాలో మడ అనే రకం చేర్చమని నాలుగు సార్లు రాశాను. నేను మానేసే నాటికి చేరలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. పటం మీద కొలత తేదీ ఉంటుంది కానీ, ఆ తేదీ ఎవరికి అనుకూలమో ఉండదు. వాంగ్మూలంలో ‘ఏమి చేయరు’ అన్నది ఉంటుంది, ‘ఎందుకు చేయరు’ అన్నది ఉండదు. మిగిలి ఉన్న ప్రతి ముక్క వెనకా, అది ఇసుక దిబ్బ కానివ్వండి, తాటితోపు కానివ్వండి, మంచినీటి చెలమ కానివ్వండి, ఎవరో ఒకరు ఏదో ఒక పని మానుకుని ఉంటారు. ఆ మానుకోవడం కాగితం మీద లేకపోతే, ఆ ముక్క ఖాళీ నేలగానే లెక్కకు వస్తుంది.

కాబట్టి చదివినవారిని ఒకటి అడుగుతున్నాను. అయ్యో పాపం అనకండి, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మీ ఊళ్లో ముసాయిదా పటం అంటించగానే వెళ్లండి. మీ సొంత పొలం హద్దు చూసుకోవడంతో ఆగకుండా, ఎవరి పేరూ లేని ముక్కలు ఏ రకంగా నమోదయ్యాయో చదవండి. అక్కడ మీ ఊరివాళ్లు చేసే పనులే కాక, చేయకూడదని పెట్టుకున్న కట్టుబాట్లను, వాటి కారణాలతో సహా, రాతపూర్వకంగా అభ్యంతరంలో పెట్టండి. పంచనామా చదివి వినిపిస్తే చాలదు. మీరే చేతిలోకి తీసుకుని చదవండి, చదవలేనివారికి చదివి పెట్టండి, ఒక్క మాట తగ్గినా వేలిముద్ర వేయనివ్వకండి. అభ్యంతరం రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర అడగండి. రేపు రమ్మంటారు. ముద్ర పడేదాకా కుర్చీలోంచి లేవకండి.